తుపాకికి రసీదు

తుపాకి విషయంలో నేను వేసుకున్న లెక్క దుగ్గిరాలలో సరిపోయింది, చాండ్లర్‌లో సరిపోలేదు. తేడా ఎక్కడ వచ్చిందో ఇప్పటికీ నాకు తేలలేదు. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను, చదివినవాళ్ళకైనా తేలుతుందేమో.

నేను పసుపు కమీషన్ వ్యాపారిని. సీజన్‌లో డబ్బు సంచీతో ఊళ్ళ వెంట తిరగాల్సి వచ్చేది. ఒకసారి నందివెలుగు రోడ్డు మీద ఎవరో నా మోటార్ సైకిల్‌కి అడ్డంగా తాడు కట్టారు. కిందపడ్డాను, లేచాను, పొలాలకి అడ్డంపడి పరిగెత్తాను. ఆ తర్వాత రివాల్వర్ లైసెన్సుకి దరఖాస్తు పెట్టాను. ఎస్సై గారు అడిగిన మొదటి ప్రశ్న, "నీకు ఎవరి నుంచి ప్రాణభయం?" అని. ఊరికే భయం అంటే కుదరదు, పేరు చెప్పాలి. నేను పేరు చెప్పాను. ఆ మనిషిని పిలిపించి అడిగితే, "బ్రహ్మయ్యని చంపితే వేలంలో నాకు పోటీ పాడేదెవరండీ" అని నవ్వాడట. ఎస్సై గారికి ఆ నవ్వు నచ్చలేదు. నాకు లైసెన్సు వచ్చింది.

ఆ రివాల్వర్‌ని నేను ఒక్కసారి కూడా పేల్చలేదు. బీరువాలో మా ఆవిడ ఉమ పట్టుచీరల కింద ఉండేది. అయితే బ్రహ్మయ్య దగ్గర తుపాకి ఉందని పసుపు యార్డులో హమాలీల దగ్గర్నుంచి రైల్వే గేటు దగ్గర టీకొట్టు దాకా అందరికీ తెలుసు. నా లెక్కలో నాకు కాపలా కాసింది ఆ కబురే.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. మన దగ్గర ఎలక్షన్లు వచ్చాయంటే లైసెన్సున్న తుపాకులన్నీ పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి. కోడ్ రాగానే స్టేషన్ నుంచి ఫోన్ వచ్చేది. తీసుకెళ్తే రైటర్ నంబరు సరిచూసి, గుడ్డలో చుట్టి, చీటీ కట్టి, రసీదు ఇచ్చేవాడు. ఓట్ల లెక్కింపు అయ్యాక రసీదు చూపించి వెనక్కి తెచ్చుకోవడమే. పంచాయతీ ఎన్నికలైనా, అసెంబ్లీ ఎన్నికలైనా అంతే. లైసెన్సు ఉన్నన్నాళ్ళలో తుపాకి ఇంట్లో ఎంతకాలం ఉందో, స్టేషన్‌లోనూ ఇంచుమించు అంతకాలం ఉంది.

మా అమ్మాయి విద్య సిటిజెన్ అయ్యాక మాకు గ్రీన్‌కార్డ్‌లు వచ్చాయి. దుకాణం తమ్ముడి కొడుక్కి అప్పగించాను, రివాల్వర్ గుంటూరులో డీలర్‌కి ఇచ్చేసి లైసెన్సు సరెండర్ చేశాను. అమెరికా వచ్చి చాండ్లర్‌లో విద్య వాళ్ళింట్లో కొన్నాళ్ళున్నాం. తర్వాత వాళ్ళకి దగ్గర్లోనే, వయసు మళ్ళినవాళ్ళ కాలనీలో చిన్న ఇల్లు తీసుకున్నాం. మా మనవరాలు ఇషిత నాలుగో తరగతి. స్కూల్ అయ్యాక మా దగ్గరికే వచ్చేది. విద్య ఆఫీస్ నుంచి వస్తూ తీసుకెళ్ళేది. ఆ నాలుగు గంటల పొద్దు నుంచి చీకటిపడేదాకా ఉన్న కాసేపే మా రోజు. మిగతాదంతా దానికోసం ఎదురుచూడడం.

ఇల్లు బాగుంది గానీ కిటికీలకి ఊచలు లేవు. వెనకవైపు గోడ ఉండాల్సిన చోట అద్దం. ఆ అద్దాన్ని పక్కకి తోస్తే లోపలికి రావచ్చు. ఉమ మొదటిరోజే, "ఇది ఇల్లా, బట్టల షాపు ముందు పెట్టే అద్దాల బీరువానా?" అంది. గుడిలో కలిసినప్పుడల్లా మనవాళ్ళ మాటలు ఇంకా భయపెట్టేవి. మన ఇళ్ళల్లో బంగారం ఉంటుందని దొంగలకి తెలుసట, మనం పెళ్ళికి వెళ్ళినప్పుడు చూసి వస్తారట. ఎవరింట్లో జరిగింది అంటే ఎవరూ పేరు చెప్పరు. ఎవరో చెప్పగా విన్నామంటారు. ఉమ గాజులు తీసి బియ్యం డబ్బాలో దాచింది. తర్వాత ఏ డబ్బాలో దాచిందో మర్చిపోయి, మూడు డబ్బాలు ఒంపి వెతికింది.

పక్కింటి గ్యారీ రిటైరైన ప్లంబర్. నా పేరు పలకలేక 'బ్రామ్' అంటాడు. అతనికి మా భయం చెబితే, "దానికేముంది బ్రామ్, ఒకటి కొనుక్కో" అన్నాడు, కుక్కపిల్లని కొనుక్కోమన్నట్టు. గ్రీన్‌కార్డ్ ఉంటే చాలట. షాపుకి అతనే తీసుకెళ్ళాడు.

అక్కడ ఇచ్చిన ఫారంలో ప్రశ్నలన్నీ నా గురించే. నువ్వు నేరం చేశావా, మత్తుమందు వాడతావా, పిచ్చాసుపత్రిలో ఉన్నావా. నీకు ఎవరి నుంచి భయం అన్న ప్రశ్న కోసం కింది దాకా చూశాను. లేదు. దుగ్గిరాలలో శత్రువు ఉన్నాడని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. ఇక్కడ శత్రువు సంగతి ఎవరికీ అక్కర్లేదు, నేను మంచివాణ్ణయితే చాలు. షాపువాడు ఎక్కడికో కబురు పెట్టాడు, జవాబు వచ్చింది, సరుకు నా చేతికొచ్చింది. కొత్తిమీర కొన్నంత తేలిక అనను గానీ, దుగ్గిరాలలో గ్యాస్ కనెక్షన్ తీసుకోవడం ఇంతకంటే కష్టం.

తిరిగి వస్తూ కార్‌లో గ్యారీ, "ఒక్కమాట గుర్తుపెట్టుకో. నీ దగ్గర ఉందని ఎవరికీ చెప్పకు" అన్నాడు.

"చెప్పకపోతే ఎలా? చెబితేనే కదా భయపడతారు?"

"ఇక్కడ ఎవరూ భయపడరు బ్రామ్. తెలిస్తే దాన్ని ఎత్తుకుపోడానికే వస్తారు."

నాకు మతి పోయింది. సరుకు ఉందని చెప్పుకోకూడని వ్యాపారం ఎలా చేస్తారో అర్థం కాలేదు. పైగా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఉన్న సరుకుకి విలువేం ఉంటుంది? అడిగితే గ్యారీ నవ్వి నా భుజం తట్టాడు. ఇంటికెళ్ళి ఉమకి చూపిస్తే తను దూరం నుంచే చూసి, "ఇంతకీ ఇది వాడు రాకుండా ఆపేదా, వచ్చాక పనికొచ్చేదా?" అంది. తూటాలు ఒక చోట, పిస్టల్ ఒక చోట పెట్టి తాళం వేశాను. విద్యకి చెప్పలేదు. చెప్పొద్దని గ్యారీ అన్నది నాకు అక్కడ మాత్రం బాగా కలిసొచ్చింది.

దసరా వచ్చింది. నవమి నాడు ఆయుధపూజ చేయడం మాకు దుకాణం నుంచి అలవాటు. కాటా కడిగి బొట్లు పెట్టేవాళ్ళం, తూకం రాళ్ళకి పెట్టేవాళ్ళం, లారీకి నిమ్మకాయలు కట్టేవాళ్ళం, రివాల్వర్ స్టేషన్‌లో లేని ఏడు దానికీ పెట్టేవాళ్ళం. ఇక్కడ ఏముంది? పీట మీద కార్ తాళం, ఉమ కత్తిపీటకి బదులు కూరల కత్తి, కత్తెర, స్క్రూడ్రైవర్లు, దుగ్గిరాల నుంచి తెచ్చుకున్న చిన్న ఇత్తడి త్రాసు పెట్టాను. పిస్టల్‌ని వదిలేస్తే తప్పనిపించింది. గంధం, పసుపు, కుంకుమ పెట్టి, నడుమ ఉంచి బంతిపువ్వు పెట్టాను. తూటాలు లేవని రెండుసార్లు చూసుకున్నాను.

"దానికెందుకండీ?" అంది ఉమ గారెలు వేస్తూ.

"ఉన్నవాటికి పెట్టి దానికి పెట్టకపోతే ఎలా?"

"నూనె మరక అవుతుంది, పీట మీద కాగితం వెయ్యండి."

ఇషిత వచ్చింది. షూస్ విప్పి, చేతులు కడుక్కుని, "తాతా, నేను ఫ్లవర్స్ పెడతా" అంటూ పూజ దగ్గరికి వచ్చింది. పువ్వు పట్టుకున్న చెయ్యి మధ్యలో ఆగిపోయింది. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది. నావైపు గానీ, ఉమవైపు గానీ చూడలేదు. వెనక్కి వెనక్కి నడిచి, తలుపు తీసుకుని, చెప్పుల్లేకుండా బయటికి వెళ్ళిపోయింది. నేను వెనకాల వెళ్ళేసరికి గ్యారీ ముంగిట్లో నిలబడి ఉంది.

"మా అమ్మమ్మా తాతయ్యల ఇంట్లో గన్ ఉంది. మీరు పెద్దవాళ్ళు కాబట్టి మీకు చెబుతున్నాను. మా అమ్మకి ఫోన్ చెయ్యండి" అంటోంది ఇంగ్లిష్‌లో, పాఠం ఒప్పజెప్పినట్టు. స్కూల్లో నేర్పారట. కనిపిస్తే ఆగు, ముట్టుకోకు, అక్కణ్ణుంచి వెళ్ళిపో, పెద్దవాళ్ళకి చెప్పు అని. నన్ను షాపుకి తీసుకెళ్ళినవాడే కాబట్టి గ్యారీ నావైపు చూశాడు. మళ్ళీ ఇషితవైపు చూశాడు. "చాలా మంచిపని చేశావమ్మా" అని విద్యకి ఫోన్ చేశాడు.

విద్య వచ్చి గడప దాటలేదు. బయట నిలబడే లోపలున్న పీటని చూసింది.

"నాన్నా, అది నిజమైనదేనా?"

"తూటాలు వేరే పెట్టానమ్మా. తాళం నా దగ్గరే ఉంది."

"ఆ మాట అందరూ చెప్తారు."

"ఇక్కడ లైసెన్సు కూడా అక్కర్లేదట."

"నేను అడిగింది అది కాదు నాన్నా." ఇంకాసేపు చూసింది. "దానికి బొట్టు కూడా పెట్టావా?"

ఇషిత కార్‌లో కూర్చుని బెల్టు పెట్టేసుకుంది. విద్య వెళ్తూ, "అది ఈ ఇంట్లో ఉన్నంతకాలం ఇషిత ఇక్కడికి రాదు. అలిగి చెప్పడం లేదు. మీరిద్దరూ మా ఇంటికి ఎప్పుడైనా రండి" అంది. గారెలు డబ్బాలో పెట్టి ఇవ్వబోతే ఉమ చేతిలోంచి తీసుకుంది. అలగలేదన్నందుకు గుర్తు అదొక్కటే.

మర్నాటి నుంచి ఇషితని స్కూల్ తర్వాత ఏదో సెంటర్‌లో ఉంచారు. నేను బేరం మొదలుపెట్టాను. మొదట గోడకి బిగించే స్టీలు పెట్టె కొని ఫోటో పంపాను. వద్దంది. పెట్టె తాళం నీకే ఇస్తానన్నాను. వద్దంది. తూటాలు గ్యారీ ఇంట్లో పెడతానన్నాను. "నాన్నా, ఇది పసుపు కాదు, ధర తగ్గిస్తూ పోవడానికి" అంది. అల్లుడు కౌశిక్ చిప్‌ల ఫ్యాక్టరీలో ఇంజినీర్, మెతక మనిషి. ఒక ఆదివారం వాళ్ళింట్లో విద్య వంటింట్లోకి వెళ్ళినప్పుడు నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "మామయ్య గారూ, ఏ మోడల్ తీసుకున్నారు?" అని అడిగాడు. నేను చెప్పేలోపు విద్య వచ్చింది. కౌశిక్ వెంటనే, "అదే, ఎండలు తగ్గాయి అంటున్నా" అన్నాడు.

అమ్మేస్తే పోయేది కదా అని మీరనవచ్చు. నాకూ అనిపించింది. కానీ ఇల్లు మారలేదు, అద్దం మారలేదు, గుడిలో మాటలు మారలేదు. కొన్నప్పుడు ఉన్న కారణం అలాగే ఉండగా సరుకుని ఎలా వదులుకుంటాం? ఉమ లెక్క వేరేగా ఉంది. నాలుగయ్యేసరికి అలవాటుకొద్దీ యాపిల్ ముక్కలు కోసేది. కోసి, అవి రంగు మారుతుంటే చూస్తూ కూర్చునేది. "ఏవండీ, వచ్చే దొంగ ఎప్పుడొస్తాడో తెలీదు. రావలసిన పిల్ల మాత్రం రోజూ రావడం లేదు" అంది ఒకరోజు. మొదట భయపడిందే తను. అదేమాట అంటే, "భయం నాదే. తుపాకి మీది" అంది.

ఇంతలో వీధిలో ఎలక్షన్ బోర్డులు వెలిశాయి. ప్రతి మలుపులోనూ పేర్లు, పోస్ట్‌బాక్స్ నిండా కాగితాలు. మాకు ఓటు లేదు గానీ హడావుడి కనిపిస్తూనే ఉంది. ఒక పొద్దున ఆ బోర్డులు చూస్తూ నడుస్తుంటే చప్పున గుర్తొచ్చింది. ఎలక్షన్లు దగ్గరికొచ్చాయి, నా తుపాకి ఇంట్లోనే ఉంది, నేను అప్పగించలేదు. మన దగ్గరయితే కేసు. ఇక్కడ గ్రీన్‌కార్డ్ మనిషికి ఏం చేస్తారో.

భయం తగ్గాక ఇంకో ఆలోచన వచ్చింది. ఇది నష్టం కాదు, దొరక్క దొరికిన దారి. స్టేషన్‌లో అప్పగిస్తే తుపాకి ఇంట్లో ఉండదు. రసీదు విద్యకి చూపిస్తే కాదనడానికి లేదు. ఎలక్షన్లు అయ్యేదాకా ఇషిత వస్తుంది. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత. ఈలోపు విద్య మనసు మారవచ్చు, నాదే మారవచ్చు. అమ్మకుండానే అమ్మినంత పని. ఎవరినీ అడగలేదు. అడిగితే విద్య చెవిన పడుతుంది. రసీదుతోనే ఎదురుపడాలని నా పట్టుదల.

పిస్టల్‌ని తువ్వాల్లో చుట్టి, తెనాలి బట్టల షాపు సంచీలో పెట్టుకుని, ఉమతో "బ్యాంకుకి వెళ్ళొస్తా" అని చెప్పి డ్రైవ్ చేసుకుంటూ స్టేషన్‌కి వెళ్ళాను. లోపల అద్దం వెనక ఒకామె కూర్చుని ఉంది. సంచీ కాస్త పైకెత్తి చూపిస్తూ, నాకొచ్చిన ఇంగ్లిష్‌లో, "మేడమ్, ఎలక్షన్ కోసం నా గన్ డిపాజిట్ చేయడానికి వచ్చాను" అన్నాను.

ఆమె మొహంలో ఏమీ మారలేదు. గొంతు మాత్రం మెత్తబడింది. "సార్, ఆ సంచీని నేలమీద పెట్టి గోడ దగ్గరికి వెళ్ళి నిలబడతారా?" అంది. మన రైటర్ అయితే ముందు కూర్చోమనేవాడు. సరే, ఊరికొక పద్ధతి అనుకుని నిలబడ్డాను. పక్క తలుపులోంచి ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. ఒకతను సంచీ తీసుకున్నాడు. ఇంకొకతను, మార్టినెజ్ అని పేరు, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, పక్కన కూర్చున్నాడు.

"సార్, మిమ్మల్ని మీరు ఏమన్నా చేసుకోవాలని అనిపిస్తోందా?"

"లేదు సార్."

"ఇంట్లో ఎవరినైనా?"

"అయ్యో, లేదు. ఎలక్షన్."

"ఎలక్షన్‌లో ఎవరినైనా?"

అప్పుడు మన పద్ధతంతా విడమరిచి చెప్పాను. కోడ్ వస్తుందని, స్టేషన్ నుంచి ఫోన్ వస్తుందని, ఇక్కడ ఫోన్ రాకపోయినా నా అంతట నేనే వచ్చానని, లేటయితే క్షమించమని. అతను ఓపికగా విన్నాడు. "ఇండియాలో ఎలక్షన్లకి తుపాకులు పోలీసులకి ఇచ్చేస్తారా? అందరూనా?" అన్నాడు. అవునన్నాను. "ఎవరూ గొడవ చేయరా?" అన్నాడు. ఎందుకు చేస్తారు, రసీదు ఇస్తారు కదా అన్నాను. అతను తన జోడీవైపు చూశాడు. ఆయన పైకప్పువైపు చూశాడు.

"ఇక్కడ అలాంటి రూల్ లేదు సార్. మీకు అది ఇక వద్దంటే అది వేరే పద్ధతి. దాచిపెట్టి ఎలక్షన్లయ్యాక తిరిగివ్వడం మేం చేయం. అయినా ఇక్కడ ఎప్పుడూ ఏదో ఒక ఎలక్షన్ ఉంటూనే ఉంటుంది." మళ్ళీ, "ఇంతకీ ఇది ఎందుకు కొన్నారు? మీకు ఎవరివల్ల భయం?" అన్నాడు.

ఇన్నాళ్ళకి నాకు తెలిసిన ప్రశ్న వచ్చింది. చప్పున జవాబు చెబుదామని నోరు తెరిచాను. పేరు రాలేదు. గ్యారీనా? గడ్డి కోయడానికి వచ్చేవాళ్ళా? పార్సిల్ గుమ్మంలో పెట్టి బెల్ కొట్టకుండా పోయే పిల్లవాడా? గుడిలో చెప్పుకునే ఆ దొంగకి పేరు లేదు, మొహం లేదు, ఎవరింటికి వచ్చాడో కూడా తెలీదు. అప్పట్లో ఎస్సై గారికి నేను పేరు చెప్పిన మనిషి పోయి చాలా ఏళ్ళయింది. అతని సంతాపసభలో మాట్లాడింది కూడా నేనే. ఇంకెవరని చెప్పను?

"ఇంట్లోవాళ్ళ నంబర్ ఉందా?" అన్నాడు మార్టినెజ్. విద్య నంబర్ ఇచ్చాను.

విద్య పరుగులాంటి నడకతో వచ్చింది. నేను కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగుతూ కనిపించేసరికి అక్కడే ఆగి ఊపిరి పీల్చుకుంది. మార్టినెజ్ ఆమెని పక్కకి తీసుకెళ్ళి ఏవో అడిగాడు. ఒక ప్రశ్న నాకూ వినిపించింది. "మీకు మీ నాన్నగారి వల్ల భయం ఉందా?"

విద్య తిరిగి నావైపు చూసింది. నేను జీవితంలో ఎన్నో బేరాల దగ్గర అవతలివాడు నోరు తెరవడం కోసం చూశాను. ఇంత ఆత్రంగా ఎప్పుడూ చూడలేదు.

"లేదు" అంది చివరికి. "ఆయన చాలా జాగ్రత్త మనిషి. ఎంత జాగ్రత్తంటే, దానికి పూజ చేశారు." ఆయుధపూజ అంటే ఏమిటో చెప్పబోయి, మధ్యలో ఆపేసి, "ఐయామ్ సారీ" అంది ఎందుకో.

తర్వాత నా పక్కన వచ్చి కూర్చుంది.

"నాన్నా, అసలు ఇక్కడికెందుకొచ్చావు?"

"నీకు రసీదు చూపిద్దామని."

"ఏం రసీదు?"

"ఇది స్టేషన్‌లో ఉందని రసీదు. ఇంట్లో లేకపోతే ఇషితని పంపిస్తావు కదా, ఎలక్షన్లు అయ్యేదాకా."

"అయ్యాక?"

"అయ్యాక మళ్ళీ మాట్లాడుకుందామని."

నవ్విందో, ఏడ్చిందో నాకు తెలియలేదు. చేతుల్లో మొహం పెట్టుకుంది. తర్వాత నేల చూస్తూ చెప్పింది. "ఇషితని ఎవరింటికి ఆడుకోడానికి పంపాలన్నా ముందు ఫోన్ చేస్తాను నాన్నా. మీ ఇంట్లో గన్ ఉందా అని అడుగుతాను. మొహమాటంగా ఉంటుంది, ఒక్కొక్కరు అదోలా మాట్లాడతారు, అయినా అడుగుతాను. తెల్లవాళ్ళనీ అడుగుతాను, మనవాళ్ళనీ అడుగుతాను. అడక్కుండా పంపిన ఇల్లు మీది ఒక్కటే."

యార్డులో పసుపు కొనేటప్పుడు ప్రతి బస్తాకీ శాంపిల్ తీసే బొరిగె గుచ్చి, నాలుగు కొమ్ములు లాగి, విరిచి చూస్తాం. ఎవరో ఒకరిద్దరు రైతుల బస్తాలకి మాత్రం గుచ్చం. ఆ పేరు సంపాదించడానికి తరాలు పడుతుంది. మా అమ్మాయి దగ్గర నాకు అలాంటి పేరు ఉందని నాకు తెలియనే తెలియదు. ఉందని తెలిసేసరికి అది ఖర్చయిపోయింది. ఏం కొనుక్కున్నాను దాంతో? పేరు లేని దొంగ కోసం, ఎవరికీ చెప్పుకోకూడని కాపలా. నాకు ఈ బేరం ఎవరో చేసి చూపించి ఉంటే నవ్వేవాణ్ణి.

"షాపులో ఇచ్చేస్తానమ్మా" అన్నాను.

"నిజంగానేనా? మళ్ళీ లోపల ఏదైనా లెక్క ఉందా?"

"లెక్క ఉంది. సరిపోవడం లేదు."

సంచీ నాకు తిరిగి ఇచ్చారు. మార్టినెజ్ కార్ దాకా వచ్చి, డిక్కీలో పెట్టించి, చెయ్యి కలిపాడు. అలవాటు కొద్దీ, "రసీదేమన్నా ఇస్తారా?" అన్నాను. ఆయన తన పేరున్న కార్డు ఇచ్చాడు. అది ఇప్పటికీ దేవుడి గూట్లో ఉంది, ఎందుకు పెట్టానో తెలీదు.

విద్య తన కార్‌లో నా వెనకే షాపు దాకా వచ్చింది. షాపువాడు పిస్టల్‌ని తిప్పి తిప్పి చూసి, "కొత్తగానే ఉంది. ఏమైనా ఇబ్బంది పెట్టిందా?" అన్నాడు.

"లేదు, వస్తువు మంచిదే."

"మరి?"

"మనవరాలు" అన్నాను.

తలూపాడు. ఇలాంటి మాట అతనికి కొత్త కాదనిపించింది. పిడి పక్కన సన్నని గాడిలో వేలితో గీకి, "ఈ పసుపు రంగేంటి? తుప్పా?" అన్నాడు.

"పసుపు" అన్నాను. ఇంగ్లిష్‌లో కూడా చెప్పాను, టర్మరిక్ అని. నా జీవితమంతా అమ్మిన సరుకు అది. అతను గుడ్డ తీసుకుని తుడిచేశాడు. కొన్నదానికంటే ఎంత తక్కువకి ఇచ్చానో ఇంట్లో చెప్పలేదు. వ్యాపారస్తుడు చెప్పుకునే అంకె కాదది.

సోమవారం నాలుగింటికి ఇషిత వచ్చింది. గుమ్మంలోనే ఆగింది. మెడ సాచి దేవుడి గూటివైపు, బీరువావైపు చూసింది.

"తాతా, అది ఉందా?"

"లేదమ్మా. ఇచ్చేశాను."

"ప్రామిస్?"

యార్డులో నా నోటిమాట మీద లారీలు కదిలేవి. ఎవడూ ఒట్టు పెట్టమనలేదు. "ప్రామిస్" అన్నాను. షూస్ విప్పి లోపలికి వచ్చింది. ఉమ యాపిల్ కోయడం మొదలుపెట్టింది. వెనక అద్దం తలుపుకి ఒక కర్ర అడ్డం పెట్టాం, గ్యారీ చెప్పిన చిట్కా అది. ఉమ ఇప్పుడు గాజులు వేసుకునే ఉంటోంది. దొంగ వస్తే ఏం చేస్తాం అని నేనడిగితే, "యాపిల్ పెడదాం" అంటుంది.

నిన్న ఇషిత స్నేహితురాలు దియ మా ఇంటికి ఆడుకోడానికి రావాలి. వచ్చేముందు వాళ్ళమ్మ దేదీప్య ఫోన్ చేసింది. ఖమ్మం వాళ్ళు. చాలా మర్యాదగల పిల్ల.

"అంకుల్, ఏమీ అనుకోవద్దు. విద్య కూడా మమ్మల్ని ఇలాగే అడుగుతుంది, అందుకే అడుగుతున్నా. మీ ఇంట్లో గన్ ఏమన్నా ఉందా?"

"లేదమ్మా" అన్నాను. ఆ ఒక్క మాట చెప్పడానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. చాలా ఏళ్ళ తర్వాత బోణీ చేసినట్టుంది. ఆ హుషారులోనే, అడిగినవాళ్ళని తిరిగి అడగడం వ్యాపారస్తుడి అలవాటు కాబట్టి, "మీ ఇంట్లో లేదు కదా? వచ్చే వారం ఇషిత మీ ఇంటికి వస్తుందట" అన్నాను.

"అదేంటి అంకుల్, మా ఇంట్లో ఎందుకుంటుంది, విద్యకి ఎప్పుడో చెప్పాను, మా ఇంట్లో అలాంటివి..." అంటూ ఆగిపోయింది. దూరంగా వినిపిస్తున్న టీవీ చప్పుడు కూడా ఆగింది. ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టినట్టుంది, అవతల ఒక మగగొంతు ఏదో అంది, ఈమె ఏదో అంది. మళ్ళీ లైన్‌లోకి వచ్చేసరికి ఆ గొంతు వేరుగా ఉంది.

"నేను మళ్ళీ చేస్తాను అంకుల్. మా ఆయన్ని ఒక మాట కనుక్కుని."

ఫోన్ పెట్టేసింది. ఉమ వంటింట్లోంచి, "ఏమంటోంది? వస్తోందా పిల్ల?" అంది.

"కనుక్కుని చెబుతుందట."

"వాళ్ళింటి సంగతి వాళ్ళు కనుక్కోవడమేంటండీ?"

ఇషిత రెండు ప్లేట్లు తీసి బల్ల మీద పెడుతోంది, ఒకటి తనకి, ఒకటి దియకి. చీకటిపడి విద్య వచ్చేదాకా ఫోన్ పక్కనే కూర్చున్నాను. విద్యకి ఈ సంగతి చెప్పాలా, వద్దా, చెబితే ఏమని చెప్పాలి అని ఆలోచిస్తూనే ఉన్నాను. దేదీప్య ఇంకా ఫోన్ చేయలేదు.